మధ్యయుగ రాతప్రతులకు డిజిటల్ సర్టిఫికెట్ కోర్సు: పాఠాలు సరే, ఉద్యోగం మాట నమ్మకండి

ముందే మార్కులు చెప్పేస్తాను. పాఠాలకు ఐదుకు నాలుగు. ‘కెరీర్ మాడ్యూల్’ అని పెట్టినదానికి ఐదుకు ఒకటి, అదీ టైముకు మొదలుపెట్టారు కాబట్టి. మొత్తం మీద మూడు. మీరు ఇప్పటికే కుస్తీ పడుతున్న రాతప్రతి అంటూ ఒకటి ఉంటే నిరభ్యంతరంగా చేరండి. మధ్యయుగ చరిత్రలో ఉద్యోగాలు లేవు, పేరుకు డిజిటల్ అని తగిలిస్తే దొరుకుతాయేమో అన్న ఆశతో చేరదామనుకుంటే మాత్రం ఆ డబ్బు దాచుకోండి.

ఇది ఆన్‌లైన్ కోర్సు. వారానికో లైవ్ క్లాసు, క్లాసుకు ముందు చూసుకోవాల్సిన వీడియోలు, మాడ్యూల్‌కో అసైన్‌మెంట్, చివర్లో సర్టిఫికెట్. స్టైపెండు మీద బతికేవాళ్లకు ఫీజు బరువే. పేరు రాయడం లేదు. ఇదే తరహా కోర్సులు ఇంకా వస్తున్నాయి, ఏది ఎంచుకున్నా లోపల ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

నా సంగతి రెండు ముక్కల్లో: 13వ శతాబ్దపు లాటిన్ ప్రసంగాల సంపుటాల మీద పీహెచ్‌డీ చేశాను. ఆ తర్వాత అన్నీ కాంట్రాక్టు ఉద్యోగాలే, ఒక ప్రాజెక్టు సగంలో ఉండగానే ఇంకోదానికి దరఖాస్తు. ఈ మధ్య ఏ ప్రకటన చూసినా ‘టీఈఐ ఎక్స్‌ఎంఎల్ తెలిసి ఉంటే మంచిది’ అన్న లైను ఉంటోంది. అందుకని చేరాను.

ఆ టీఈఐ మాడ్యూల్‌తోనే సగం ఫీజు గిట్టుబాటైంది. టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ అంటే, పాత గ్రంథంలో ఏది శీర్షిక, ఏది కొట్టివేత, ఏది లేఖకుడు తర్వాత ఇరికించిన మాట అన్నది కంప్యూటర్‌కు కూడా తెలిసేలా ట్యాగులు పెట్టే పద్ధతి. 1987లో అమెరికాలోని వాసర్ కాలేజీలో జరిగిన సమావేశంతో మొదలైంది. ఇప్పుడు అందరూ వాడే పీ5 వెర్షన్ 2007లో వచ్చింది. ఈ చరిత్ర చెప్పే వీడియోలు చూస్తుంటే నిద్రొస్తుంది. వాటిని రెట్టింపు వేగంతో తిప్పేసి లైవ్ క్లాసుకు వెళ్లండి, అసలు సరుకు అక్కడుంది.

లైవ్ క్లాసు చెప్పిన మేడమ్ స్వయంగా గ్రంథ పరిష్కరణ చేసిన మనిషి. మాకు ఒక పేజీ ఫొటో ఇచ్చి, ఇందులో గీత ఉన్న ‘పి’లు ఎన్ని రకాలో చూసి రమ్మన్నారు. లాటిన్ లేఖకులు తోలూ సిరా టైమూ ఆదా చేయడానికి పదాల్ని విపరీతంగా కుదించేవాళ్లు. ‘పి’ కాలికి అడ్డంగా గీత ఉంటే ‘పెర్’, ఎడమవైపు వంపు తిరిగిన గీత ఉంటే ‘ప్రొ’, నెత్తిన గీత ఉంటే ‘ప్రే’. ఇది పేలియోగ్రఫీ, అంటే పాత లిపులు చదివే విద్యలో మొదటి పాఠం, చాలామందికి వచ్చిందే. మేడమ్ ఆపింది అక్కడ కాదు. ఆ గీతను మీరు విప్పి రాస్తారా, ఉన్నదున్నట్టు ఉంచుతారా అని అడిగారు. టీఈఐలో రెండూ పక్కపక్కన పెట్టే ఏర్పాటుంది: కుదించిన రూపానికి ఒక ట్యాగు, విప్పిన రూపానికి ఒక ట్యాగు, రెంటినీ కలిపి పట్టుకునే ‘చాయిస్’ అనే ట్యాగు. సరేనని అందరం టకటకా విప్పేశాం.

అప్పుడు క్రీస్తు పేరు దగ్గర ఆపారు. మధ్యయుగ లేఖకులు ఆ పేరులోని మొదటి అక్షరాలకు గ్రీకు ఖై, రో లనే ఉంచేసేవాళ్లు. అవి చూడ్డానికి అచ్చం లాటిన్ ఎక్స్, పి లాగే ఉంటాయి. పైన ఓ గీత, అంతే. దాన్ని విప్పేటప్పుడు ‘సి’ తర్వాత ‘హెచ్’ పెడతారా, పెట్టరా? చాలామంది లేఖకులు పూర్తిగా రాయాల్సివచ్చినప్పుడు హెచ్ లేకుండానే రాసేవాళ్లు. మేమంతా డిక్షనరీలో ఉన్నట్టు హెచ్ పెట్టాం. “ఇలా విప్పాలని ఎవరు నిర్ణయించారు?” అన్నారు మేడమ్. రూలు కదా అన్నాడో అబ్బాయి. “ఏ రూలు? మీ ఫైల్లో ఎక్కడ రాశారు?” ఎవరి దగ్గరా జవాబు లేదు. టీఈఐ ఫైలు పైభాగంలో హెడర్ ఉంటుంది, అందులో ఇలాంటి నిర్ణయాలు వివరించడానికే ఒక విభాగం ఉంది. అది ఖాళీగా ఉన్న ఫైలు ఎంత శుభ్రంగా ఉన్నా పనికిరాదని ఆవిడ వాదన. నేనూ అదే అంటాను. పరిష్కరణ అంటే పాఠాంతరాల్లోంచి ఒకటి ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నామో చెప్పుకోవడం. ట్యాగులు పెట్టడం ఎవరైనా ఒక వారాంతంలో నేర్చుకుంటారు.

ఈ మాడ్యూల్‌లో ఇచ్చిన అసైన్‌మెంటును లైను లైనుకూ వ్యాఖ్యలు రాసి వెనక్కి పంపారు. అంత ఓపికగా నా పేజీ దిద్దినవాళ్లు పీహెచ్‌డీ తర్వాత ఎవరూ లేరు. కోర్సులో డబ్బుతో కొనదగ్గది నిజానికి ఇదే.

తర్వాతిది హెచ్‌టీఆర్, అంటే చేతిరాతను చదివే సాఫ్ట్‌వేర్. కోర్సు ప్రకటనలో పెద్దక్షరాలతో ఊరించింది దీన్ని చూపించే: ‘లిపి రాకపోయినా వేల పేజీలు చదవండి’. ఈ వాక్యం రాసినవాళ్లు ఆ మాడ్యూల్ చూసుండరు. క్లాసులో చెప్పింది దీనికి పూర్తిగా ఉల్టా.

రెండు వేదికలు చూపించారు. ఒకటి ట్రాన్స్‌క్రిబస్. ఇన్స్‌బ్రుక్ యూనివర్సిటీ కేంద్రంగా, యూరప్ నిధులతో నడిచిన ప్రాజెక్టుల్లోంచి వచ్చింది. 2019 నుంచి ఒక సహకార సంఘం నడుపుతోంది, పేజీల లెక్కన క్రెడిట్లు ఖర్చవుతాయి. రెండోది ఈ-స్క్రిప్టోరియం, పారిస్‌లో తయారైంది, లోపల క్రాకెన్ అనే ఇంజిన్ ఉంటుంది. ఇది ఓపెన్ సోర్స్, కానీ సర్వరు ఎవరో ఒకరు పెట్టి చూసుకోవాలి. ఏది మేలని అడిగితే, మీ సంస్థలో కంప్యూటర్లు చూసుకునే మనిషి ఉన్నారో లేదో కనుక్కుని రండి అన్నారు. ఇంతకంటే తిన్నని జవాబు నేను వినలేదు.

ఈ మాడ్యూల్ వీడియోల్లో చాలావరకు ట్రాన్స్‌క్రిబస్ పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో రికార్డు చేసినవి. ఇప్పుడు పనంతా బ్రౌజర్లోనే. వీడియోలో ఎడమపక్క ఉన్న మెనూ మన తెరమీద ఎక్కడా కనబడదు. దీని గురించి నిర్వాహకులకు మెయిల్ పెడితే ‘మీ సూచనకు ధన్యవాదాలు’ అని వచ్చింది. వీడియో మారలేదు. ఫీజు తీసుకునేటప్పుడు ఇంత తాపీగా లేరు.

విషయానికొస్తే, తప్పుల శాతం అనే లెక్కను బాగా విప్పి చెప్పారు. అక్షరాల్లో 5 శాతం తప్పులంటే వినడానికి బ్రహ్మాండం. లాటిన్ పదానికి సగటున ఆరేడు అక్షరాలు వేసుకోండి. తప్పులు అంతటా సమానంగా పడితే, సుమారు ప్రతి మూడు నాలుగు పదాల్లో ఒకటి తప్పు. ఏదైనా మాట ఎక్కడుందో వెతుక్కోవడానికి ఇది చాలు. ఉటంకించడానికి చాలదు. పైగా యంత్రం తప్పులు సమానంగా పడవు. ‘ఐ’, ‘ఎన్’, ‘ఎమ్’, ‘యు’ వరసగా వస్తే గోతిక్ రాతలో అన్నీ ఒకేలాంటి నిలువు గీతలు. మనం అర్థాన్ని బట్టి విడదీసుకుంటాం. యంత్రం తనకు అలవాటైన పదం వైపు జారిపోతుంది, ఆ పదం చూడ్డానికి నిజమైన లాటిన్ లాగే ఉంటుంది. లాటిన్ రానివాళ్లకు ఆ తప్పు కనబడే దారే లేదు. ‘లిపి రాకపోయినా’ అన్న ప్రకటనకు ఇదీ జవాబు.

ఒక ముఖ్యమైన సంగతి మాత్రం ఎగరగొట్టేశారు. యంత్రానికి నేర్పడానికి మనుషులు చదివి రాసిన పేజీలు కావాలి, వాటిని గ్రౌండ్ ట్రూత్ అంటారు. ఈ పేజీలు కుదింపులు విప్పి రాసినవా, విప్పకుండా రాసినవా అన్నదాన్ని బట్టి యంత్రం అలవాట్లు మారిపోతాయి. 2024లో వచ్చిన క్యాట్‌మస్ మిడీవల్ అనే డేటాసెట్ ఉంది. 10 భాషల్లో 200కు పైగా రాతప్రతులు, తొలినాటి అచ్చు పుస్తకాలు, మొత్తం 1,60,000కు పైగా లైన్లు. అందులో కుదింపుల్ని విప్పకుండా ఉన్నవున్నట్టు ఉంచారు. అక్కడ నేర్చిన మోడల్‌కు విప్పి రాసిన మీ పేజీలు తెచ్చి కలిపితే అది అటూ ఇటూ కాకుండా పోతుంది. టీఈఐ క్లాసులో మేడమ్ అడిగిన ప్రశ్నే ఇక్కడా రావాలి కదా? రాలేదు. ఇద్దరు టీచర్లూ ఒకరి క్లాసు ఒకరు చూసుకోలేదని అర్థమైంది.

ట్రిపుల్ ఐ ఎఫ్ మాడ్యూల్ చిన్నది, బాగుంది. వేర్వేరు లైబ్రరీల్లో ఉన్న రాతప్రతుల బొమ్మల్ని ఒకే తెరమీద పక్కపక్కన తెరిచే ప్రమాణం అది. చెల్లాచెదురైన పుస్తకం ఆకుల్ని మళ్లీ ఒకచోట పేర్చి చూపించారు, ముచ్చటేసింది. అసైన్‌మెంట్ లింకుల్లో కొన్ని బ్రిటిష్ లైబ్రరీవి. 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి, డిజిటల్ రాతప్రతులు చాలాకాలం అందకుండా పోయిన సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. కోర్సువాళ్లు మాత్రం పాత లింకులే ఉంచారు. ఆ దాడినే పాఠంగా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఇంకొకరి సర్వరు మీద మీ థీసిస్ నిలబడి ఉంటే ఏం చేయాలి, ఏవి దాచుకోవచ్చు, హక్కులు ఏమంటాయి అన్నవి ఒక్క ముక్క లేవు.

పైథాన్, నెట్‌వర్క్ బొమ్మల మాడ్యూల్ గురించి ఎక్కువ రాయను. ‘ప్రోగ్రామింగ్ హిస్టోరియన్’ సైటులో ఇంతకంటే మంచి పాఠాలు ఉచితంగా ఉన్నాయి, సమీక్షించి మరీ పెడతారు. ఇక్కడ చేయించింది, మఠాధిపతుల ఉత్తరాల జాబితా తీసుకుని ఎవరు ఎవరికి రాశారో గీతలూ చుక్కలూ గీయడం. బొమ్మ అందంగా వచ్చింది. ఎక్కువ ఉత్తరాలు రాసినవాడి చుక్క పెద్దగా వచ్చింది. మిగిలినవాళ్ల ఉత్తరాలు చెదలు తిన్నాయేమో అని ఎవరూ అడగలేదు.

ఇక కెరీర్ మాడ్యూల్.

దీనికి మొదటి స్లైడు ఫాదర్ రొబెర్తో బూసా ఫొటో. కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది: ఇటలీ జెసూట్ పాదిరీ, 1949లో న్యూయార్క్ వెళ్లి ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను ఒప్పించి, 13వ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ రచనల్లోని ప్రతి మాటకూ సూచిక తయారుచేయడానికి యంత్రాలు సంపాదించాడు. మూడు దశాబ్దాల పని, అచ్చులో 56 సంపుటాలు. డిజిటల్ హ్యుమానిటీస్‌కు, అంటే చరిత్ర, సాహిత్యాల పరిశోధనకు కంప్యూటర్ వాడే రంగానికి, ఆద్యుడంటారు. స్లైడు మీద ‘మీరూ ఇలా సాహసించండి’ అన్న మాట. ఆ 56 సంపుటాల వెనక, యంత్రం చదివే కార్డులకు చిల్లులు గుద్దినవాళ్లు ఇటలీలోని గల్లరాతేలో ఉద్యోగానికి చేరిన యువతులు. లాటిన్ తెలియకుండానే లాటిన్ అక్షరం అక్షరం గుద్దారు. వాళ్ల పేర్లు దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు, ఈ మధ్యే పరిశోధకులు వెతికి పట్టుకుని మాట్లాడించారు. ఈ రెండో సగం స్లైడులో లేదు.

నాకు చిరాకు తెప్పించింది ఇది లేకపోవడం మాత్రమే కాదు. ఈ మాడ్యూల్ చూపించిన ఉద్యోగాల్లో చాలావాటిలో మనం చేయబోయేది ఆ రెండో సగం వాళ్ల పనే. గ్రౌండ్ ట్రూత్ రాయడం, ట్యాగులు సరిచూడడం, డేటా శుభ్రం చేయడం. రెండు మూడేళ్ల కాంట్రాక్టు, ప్రాజెక్టు నిధులు అయిపోగానే మనమూ అయిపోతాం. డేటాసెట్ మాత్రం ప్రాజెక్టు పెద్ద పేరున ఉండిపోతుంది. సాహసించండి అని బూసాను చూపించి, కార్డులు గుద్దే ఉద్యోగానికి తయారుచేయడం న్యాయం కాదు.

అతిథిగా వచ్చినాయన పెద్ద మనిషే, మర్యాదగా మాట్లాడాడు. కానీ ఆయన స్థిరమైన ఉద్యోగంలో కుదురుకున్న కాలం వేరు. ‘నైపుణ్యం ఉంటే తలుపులు అవే తెరుచుకుంటాయి’ అన్నాడు. తలుపుల మీద ఏం రాసి ఉందో నేను చెబుతాను. యూరప్ కమిషన్ ఇచ్చే మేరీ స్క్లొదోవ్‌స్కా క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు, కెరీర్ విరామాల్లాంటివి మినహాయిస్తే, పీహెచ్‌డీ వచ్చి 8 ఏళ్లు దాటకూడదు, పైగా మీరు వెళ్లదలచుకున్న దేశంలో దరఖాస్తు గడువుకు ముందరి 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. అంటే పెట్టే బేడా సర్దుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకే. జర్మనీలో కాంట్రాక్టు పరిశోధకులకు ప్రత్యేక చట్టమే ఉంది. మామూలుగా కాంట్రాక్టు మీద ఉండనిచ్చేది పీహెచ్‌డీకి ముందు 6 ఏళ్లు, తర్వాత 6 ఏళ్లు, ఆపైన బయటి నిధుల ప్రాజెక్టులే దిక్కు. ఈ చట్టాన్ని మెచ్చుకుంటూ ‘హన్నా’ అనే పాత్రతో అక్కడి మంత్రిత్వశాఖ చేసిన వీడియో మీద 2021లో ‘నేనే హన్నా’ అంటూ పరిశోధకులు వేల సంఖ్యలో విరుచుకుపడ్డారు. కెరీర్ గురించి గంటలకొద్దీ మాట్లాడినచోట వీటిలో ఒక్కటీ వినబడకపోతే ఎలా?

ఇంకోటి. డిజిటల్ పనిని ప్రమోషన్లలో, నియామకాల్లో ఎలా లెక్కగట్టాలో అమెరికాలో మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ 2012లో, అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ 2015లో మార్గదర్శకాలు ఇచ్చాయి. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు అవి తెలిసి ఉంటే, ‘పుస్తకం ఎప్పుడు వస్తుంది?’ అన్న ప్రశ్నకు బెదరకుండా, నా ఎడిషన్‌ను దీని ప్రకారం చూడండి అని చెప్పే వీలుంటుంది. కమిటీ వింటుందా? నా అనుభవంలో తల ఊపి, మళ్లీ పుస్తకం గురించే అడుగుతుంది. అయినా ఆ కాగితం చేతిలో ఉండటం వేరు. కోర్సులో వాటి ప్రస్తావనే లేదు.

స్థిరమైన ఉద్యోగాలు లేవని కాదు. లైబ్రరీల్లో రాతప్రతుల కేటలాగు, డిజిటైజేషన్ విభాగాలు, యూనివర్సిటీల్లో పరిశోధన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ పోస్టులు ఉన్నాయి. వాటికి వెళ్లినవాళ్లు సొంత పరిశోధన సాయంత్రాలకు వాయిదా వేసుకోవాలి. ఆ లెక్క ముందే చెబితే ఇష్టమైనవాళ్లు సంతోషంగా వెళ్తారు. బ్యాచ్‌లో ఒకావిడ ఈ ప్రశ్న అడిగితే ‘అది వ్యక్తిగత నిర్ణయం’ అని తేల్చేశారు. దానికోసమేనమ్మా ఆవిడ ఫీజు కట్టింది.

విచిత్రమేమిటంటే, కెరీర్‌కు పనికొచ్చే అసలు సలహా కెరీర్ మాడ్యూల్‌లో కాదు, టీఈఐ చివరి క్లాసులో దొరికింది. హెడర్‌లో ఎవరు ఏ పని చేశారో రాసే ట్యాగు ఒకటుంది. దాన్ని చూపించి మేడమ్ అన్నారు: “ప్రాజెక్టులో చేరిన మొదటి వారమే మీ పేరు ఇక్కడ ఎలా వస్తుందో అడగండి. పేజీలు చదివింది ఎవరు, సరిచూసింది ఎవరు, విడివిడిగా రాయించుకోండి. డేటాను భద్రపరిచే చోట కూడా రచయితల జాబితాలో మీరున్నారో లేదో చూసుకోండి. కాంట్రాక్టు అయ్యాక అడిగితే మెయిల్‌కు జవాబు కూడా రాదు.” ఇప్పుడున్న ప్రాజెక్టులో అడిగాను. కాస్త గునిశారు, చేర్చారు.

చేరాలనుకునేవాళ్లకు: సర్టిఫికెట్‌ను సీవీలో పెట్టాను, ఇంటర్వ్యూలో ఎవరూ దాని ఊసెత్తలేదు, దిద్దించుకున్న ఆ టీఈఐ ఫైలు లింకు మాత్రం తెరిచి చూశారు. వీలైతే టీఈఐ, హెచ్‌టీఆర్ మాడ్యూళ్లు రెంటికే విడిగా ఫీజు కట్టనిస్తారేమో అడగండి. మా బ్యాచ్‌లో ఇద్దరికి ఒప్పుకున్నారు, వెబ్‌సైటులో ఆ సంగతి లేదు. లాటిన్ ఇంకా తడబడుతుంటే ముందు ఆ డబ్బు లాటిన్ క్లాసుకు పెట్టండి. వీడియోలు కొత్తగా రికార్డు చేశారో లేదో, అసైన్‌మెంట్ దిద్దేది ఆ మేడమేనో కాదో రాతపూర్వకంగా కనుక్కోండి. ఆవిడ లేకపోతే నా మార్కుల్లోంచి ఒకటిన్నర తీసేసుకోండి.